పాచి

ఒరురోలో తెల్లవారుజామున కొళాయి తిప్పితే
ముందు దగ్గు వస్తుంది,
తర్వాతే నీళ్ళు. అవీ గాజుపెంకుల్లాంటివి.

ఆ చలిలోనే దోన్ సెవెరో
పెరట్లో స్టూలేసుకుని ట్రంపెట్ కడుగుతాడు.
బేసినులో గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు నురగ,
వానపాములాంటి పొడుగాటి బ్రష్షు.
ఒక్కో గొట్టంలోకీ దూర్చి లాగుతాడు.
ఊదే మొనను చిటికెనవేలంత కుంచెతో తోమి
వెలుగుకెత్తి
సూదిలో దారమెక్కించేవాడిలా ఒంటికన్నుతో చూస్తాడు.
"నిన్నటి ఊపిరి ఇవాళ్టి పాటలో ఉండకూడదు, యోలా!"
గోడ ఇవతలున్న నాకు వినపడేట్టు అంటాడు.
నలభై ఏళ్ళ నియమం.

కార్నివాల్ ఇంకో రెండు నెలలుందనగా
నా క్లినిక్ కుర్చీలో కూర్చున్నాడు, టోపీ ఒళ్ళో పెట్టుకుని.
పై స్వరానికి వెళ్ళేసరికి
ముందుపన్ను పక్కకి జరుగుతోందట,
బడిలో కుదురులేని పిల్లాడిలా.
"పీకి పారెయ్. గనిమాత ముందు
అబద్ధపు స్వరం వాయించలేను."

పీకలేదు.
ఎర్ర బిళ్ళ ఒకటి నమలమన్నాను,
పుక్కిలించి అద్దం చూసుకోమన్నాను.
"రక్తమా?"
రంగు. అది అంటుకున్న చోటల్లా పాచి.
కోకా ఆకు పచ్చదనం కింద, చిగుళ్ళ అంచు వెంట
ఇన్నాళ్ళూ కంటపడకుండా కాపురముంది.
గుడిసె మీద గుడిసె వేసుకుని
తీపి తిని పులుపు కక్కుతూ,
ఊడ్చేవాడు రాకపోతే
అక్కడే గట్టిపడి గారవుతుంది.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ
ఈ రాయిని మనమే పెంచి పెద్ద చేస్తాం.

అద్దంలోంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు:
"అక్కడ తోమితే రక్తమొచ్చేది.
పుండునెవరు గీకుతారని మానేశాను."

తోమినందుకు కాదు, తాతా.
తోమనందుకు.

చాలాసేపు మాట్లాడలేదు.
టోపీ అంచు మాత్రం వేళ్ళ మధ్య గుండ్రంగా తిరిగింది.

గారంతా గీకి తీశాను. రెండు పూటలు పట్టింది.
ఆర్నెల్లకోసారి నా చెయ్యి,
మిగతా పొద్దులన్నీ మీ చెయ్యే అన్నాను.
మెత్తటి బ్రష్షు, పన్నూ చిగురూ కలిసే చోట
కాస్త వాలుగా, నొక్కకుండా.
"ఇంట్లో పసిపిల్ల పడుకున్నప్పుడు
సాధన చేసినట్టా?"
అచ్చం అలాగే. బుజ్జగిస్తూ.
పంటి పంటికీ నడుమ దారం.
రాత్రి పడుకోబోయే ముందైతే మానకూడదు,
నిద్రలో ఉమ్మి కూడా నిద్రపోతుంది.

మొదటి వారం గోడ మీంచి కేకేశాడు:
"గులాబీరంగు!"
అది ఫిర్యాదు.
తర్వాత కొన్నాళ్ళు కేకల్లేవు.
మానేశాడేమో అనుకున్నాను, అడగడానికి మొహమాటం.
పద్దెనిమిదో రోజు పొద్దున్నే
క్లినిక్ తలుపు సగం తెరిచి, లోపలికి రాకుండా,
"నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అన్నీ తిరిగిరావు.
కరిగిన ఎముక కరిగిందే.
పన్ను నిలబడింది గానీ
ఆ పై స్వరాన్ని మోసేంత కాదు.
కార్నివాల్ రోజున దాన్ని
శిష్యురాలు వారాకి అప్పగించి
తాను కింది వరసలో వాయించాడు.
ఆ పిల్ల ఎక్కడా తడబడలేదు.
ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయి.

పద్నాలుగు గంటల ఊరేగింపు అయ్యాక
బ్యాండువాళ్ళంతా సీసాల వైపు పోతే
ఈయన బస్సు పక్కన ట్రంపెట్ పెట్టె తెరిచాడు.
కుంచె పక్కనే, అదే మఖమలు గుంటలో, పళ్ళ బ్రష్షు.
మంచులాంటి సీసా నీళ్ళతో
దూరాన మోగుతున్న డోలు లెక్కకి తోముకుంటున్నాడు.
"తాతా, పెళ్ళికొడుకువా?" అని కుర్రాళ్ళు ఒకటే నవ్వు.
నోటినిండా నురగతో
ఒక వేలెత్తి చూపించాడు:
ఆగండి,
ఇంకో చరణం ఉంది.