నీళ్లకా, నిద్రకా

ఫోన్లో స్టాషియా అన్నది ఒక్క ముక్క:
"మోగ్, మార్చిలోపు నాకో కాట్ కావాలి."

స్లేనీ నది సముద్రంలో కలిసే ఆ వెక్స్‌ఫర్డ్ ఒడ్డున
ఆ మాటకి రెండు కాపురాలు.
ఒకటి నీటి మీద:
అడుగు చదునుగా, రెండు కొసలూ కోసుగా,
ఇద్దరు వల లాగుతుంటే ఒకరు నీళ్లు తోడే చేపల పడవ.
ఇంకొకటి గోడవార:
నాలుగువైపులా ఊచలు, లోపల
పిడికెడు ఊపిరి.

మోగ్ కెహోకి ఎనభై దాటాయి. చెవులు బాగానే ఉన్నాయి.
ఏ కాట్ అని అడగలేదు.
మర్నాడే లార్చ్ చెక్కలు దింపించాడు,
పద్దెనిమిది అడుగులవి.

అతని మేనల్లుడు డొనహా డబ్లిన్‌లో భాషలు చదువుతాడు.
సెలవులకొచ్చి బల్ల మీద కూచుని
చెక్కపొట్టు ఊదుతూ చెప్పుకొచ్చాడు:
పడవ కాట్ మనదే, ఐరిష్ నోట పుట్టింది.
మంచం కాట్ మాత్రం ఓడెక్కి వచ్చింది మామా.
తూర్పు రేవుల్లో దిగిన నావికులు
తాడు అల్లిన ఖాట్ మీద ఓ మధ్యాహ్నం నడుం వాల్చి
లేచేటప్పుడు మాటని జేబులో వేసుకున్నారు.
ఓడలో కాన్వాసు కుట్టి దూలానికి వేలాడదీశారు.
ఊగుతోంది కదా అని
ఎవరో పసివాళ్లకిచ్చారు.
ఇంకా వెనక్కి పోతే సంస్కృతంలో ఖట్వ.
దానికీ వెనక, దక్షిణాన, 'కట్టు' ఉందని కొందరు,
లేదని కొందరు.

చిత్రిక ఆగలేదు.
"కట్టు అంటే?"
"తాడుతో బిగించడం."
"పడవా అంతేగా," అన్నాడు ముసలాయన.

మనకెవరూ చెప్పక్కర్లేదు ఆ మాట.
ఇల్లు కడతాం, జట్టు కడతాం,
పిందెకి దిష్టితాడు కడతాం.
ఉయ్యాల కట్టిన చేతులే
పాడె కడతాయి, ముడి కూడా మార్చకుండా.

ఆరేళ్ల కిందట, నవంబరులో,
స్టాషియా ఇంటికొచ్చిన డాక్టరు
కాగితం మీద రెండు మాటలు పక్కపక్కన రాశాడు.
ముందు మంచం, వెనక చావు.
కారణం దొరకనప్పుడు
నేరం మంచం మీద పెడతారు కాబోలు.
పాపకి ఏడు వారాలు. ఈటా అని పేరు.
ఆ ఊచలు నునుపు చేసింది మోగ్ చేతులే.
వాటిని పొయ్యిలో పెట్టింది స్టాషియా మొగుడు,
ఒక్కొక్కటే, తెల్లవార్లూ.
అప్పట్నుంచి ఆ వీధిలో
కాట్ అంటే నీటి మీది కాటే.

ఫిబ్రవరి చివర్లో ఆమె వచ్చింది,
కోటు బొత్తాలు పెట్టుకోలేనంత పొట్టతో.
షెడ్డు నిండా పడవ.
తారు వాసన. పైకప్పు రేకు మీద సన్నటి వాన.

"ఇది కాదు మోగ్."
"తెలుసమ్మా."
చాలాసేపటికి అన్నాడు:
"నాకు తెలుసు. చేతులకి చెప్పలేదు."

ఆమె నవ్విందో, ఇంకేమైనానో,
డొనహా అటు తిరిగి ఉన్నాడు, చూడలేదు.
చూసినప్పటికి ఆమె పడవలో ఉంది,
అడుగు చెక్కల మీద పక్కకి ఒత్తిగిలి,
ఒక చెయ్యి తల కింద, ఒకటి పొట్ట మీద.
ఎవరూ లేపలేదు.
మోగ్ సుత్తి కింద పెట్టి
బయట గుమ్మంలో వానలో నిలబడ్డాడు.

పడవని మొగుడు నీళ్లలోకి దించాడు.
దానికి పేరు రాయించలేదు.

మార్చి పదకొండున పుట్టినవాడు
బట్టల బీరువా కింది సొరుగులో పడుకున్నాడు,
కాళ్లు తగిలేదాకా, అంటే జూన్ దాకా.
రాత్రుళ్లు ఆమె చెయ్యి ఆ సొరుగులోనే ఉండేది.

సొరుగు అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో
డొనహా వెతకలేదు.