గోళ్ళరంగు చుక్క

హాలియాలో ఇంకా తెల్లారలేదు.
పాలకేంద్రం ముందు క్యాన్ల చప్పుడు.
నేను మూలన ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద,
ఒళ్ళో నోటుపుస్తకం, మొదటి పేజీ ఖాళీ.
చూడ్డమే నా పని. నేర్పొద్దు, చెయ్యి పెట్టొద్దు.

అండాలు పాలు కొలుస్తుంది,
వెన్న శాతం చూస్తుంది,
గోడ మీద బొగ్గుతో ఓ గీత గీసి
కొంగుకు చెయ్యి తుడుచుకుని
ఫోను అద్దం మీద ఒక్క చోటే వేలు పెడుతుంది.
అక్కడొక గోళ్ళరంగు చుక్క,
కందిగింజంత.

"ఇదేంటమ్మా?" ఉండబట్టలేక అడిగాను.
"మా బిడ్డ వెట్టింది సారూ.
గీడ ఒత్తితె పాలు ఎక్కుతయ్.
మిగిలినయి నాకెందుకు?"

మిగిలినవి నేను చేసినవి.
ఏడు తెరలు, మూడు గీతల మెనూ,
రంగులు మారే గ్రాఫు,
"స్వాగతం! ఎలా వాడాలో చూపించమంటారా?" అనే పెట్టె.
దాన్ని రోజూ మూసేస్తుంది
మొహం మీది ఈగను తోలినట్టు.

ఆర్నెల్లు, చల్లటి గదిలో, పదకొండు మందిమి
తేలిక చేశామనుకున్నాం.
చేసింది ఆరో తరగతి పిల్ల.

జానయ్య క్యాను దించి
గొంతు లేపకుండానే అన్నాడు:
"రాత్రి పోసిన పాలకు మెసేజు రాలేదమ్మా."
వెనకాయన ఫోను తీశాడు. ఆయన వెనకామె కూడా.
ఎవరికీ రాలేదు.

నిన్న మధ్యాహ్నం కొత్త వెర్షన్ పంపింది నేనే.
చూడముచ్చటగా ఉంటుందని
మీటను ఎడమకు జరిపాను.
చుక్క జరగలేదు.
చుక్క కిందికి "తొలగించు" వచ్చి కూర్చుంది.
పొద్దుటి నుంచీ నా కళ్ళముందే
ఇరవై ఇళ్ళ పాలు చెరిపేసింది అండాలు,
నేను ఆమె వేగం మెచ్చుకుంటూ ఉన్నాను.

"నాకే రాదు సారూ, సదువుకోలే గద" అంది.
తిట్టినా బాగుండేది.
కాసేపాగి, "పోసిన పాలు ఎత్తలేం.
నీ దాంట్ల తుడిసింది మల్లొస్తదా?"

రాదు. ఆ దారి నేను పెట్టలేదు.

స్టూలు గోడ వైపు జరుపుకుని
బొగ్గు గీతలు పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాను.
క్యాన్లు కడుగుతూనే చెప్పింది ఆమె:
"నిలువు గీత లీటరు. అడ్డం గీత సగం.
సున్న సుట్టిన ఇంట్ల దుడ్డె సచ్చింది,
పాలు తక్కువొచ్చినా ఏమనొద్దు."

నేర్చుకోవడానికి నాకు
రెండు నిమిషాలు పట్టింది.