తునికాకు చూసే కన్ను

అంకీసా బడి ముందు వ్యాను ఆగింది.
జెనరేటర్ దగ్గి దగ్గి నిలదొక్కుకుంది.
మే నెల. ఎనిమిదికే రేకు కాలుతోంది.

ఫారం మరాఠీలో. జవాబులు తెలుగులో.
పేరు: జాడి పోసుబాయి.
వయసు? "ఎనభయ్యారు వరదప్పుడు
నా పెద్దబిడ్డ కడుపుల ఉండె."
గోదావరి లెక్కను అంకెల్లోకి మార్చాను. యాభై ఏడు.

పై పలక దించేటప్పుడు
నేనూ ఊపిరి బిగబడతాను, అదొక అలవాటు.
"గానుగల వెట్టినట్టున్నది బిడ్డా," అంది. నవ్వలేదు.

బొమ్మ తేలింది. మబ్బులో మబ్బు.
తెల్లనిదాంట్లో తెల్లనిదాన్ని వెతకడం.
నేను కళ్ళార్పేలోపే యంత్రం చూసేసింది.
లక్షల బొమ్మలు చూసి నేర్చుకుందట,
ఏ ఊరి ఆడవాళ్ళవో, పేర్లు చెరిపేసినవి.
కొందరికి ఉంది, కొందరికి లేదు;
ఆ తేడాయే దాని చదువు.
ఈ ఒడ్డు మనిషి ఒక్కతైనా అందులో ఉందా అని
శిక్షణలో కంపెనీ కుర్రాణ్ణి అడిగాను.
ఫోన్ చూసుకున్నాడు.

ఎడమవైపు, చంకకు దగ్గరగా
పసుపుపచ్చ చదరం.
పక్కన సున్నా, చుక్క, ఎనభై ఒకటి.

కొంగు సర్దుకుంటూ తెర దగ్గరికొచ్చింది.
వేళ్ళ సందుల్లో తునికాకు పసరు.
"ఇదేం జూస్తది?"
మచ్చలు.
"దానికెట్ల దెలుస్తది?"
చాలా చూసింది గనక.

కల్లంలో డెబ్బై ఆకుల కట్టను
విసనకర్రలా విప్పి, ఒక్క చూపుతో
పురుగు కొట్టిన ఆకును లాగి పారేసే మనిషి.
"నేను జూసిన ఆకులు తక్కువనా?
అయినా ఒక్కోపాలి
మంచి ఆకును గూడ పారేస్త."

కంపెనీ పుస్తకంలో దీనికో పేజీ ఉంది, శాతాలతో.
నా దగ్గర మాత్రం మాట లేదు.

బొమ్మ నాగపూర్ డాక్టరుకు పోవాలి. సిగ్నల్ ఒక్క గీత.
డ్రైవరు గేడాం వ్యాను పైకెక్కి
ఫోన్‌ను ఆకాశానికి చూపిస్తున్నాడు.
నలభై శాతం దగ్గర ఆగింది.

ఆమె మెట్టు మీద కూర్చుంది. ఎండ చూసి,
"కట్టలు తిప్పాలె, పోతా" అంది. పోలేదు.
కాసేపటికి, ఎవరికీ కాకుండా:
"ఆ పచ్చగీత ఉన్నకాడ్నే...
వానకాలంనుంచి నా చెయ్యి
ఆడికే పోతున్నది."

ఫారంలో లక్షణాలు అన్నచోట
లేవు అని రాసినదాన్ని కొట్టేశాను.
పైన ఏం రాయాలో, మరాఠీలోనే కాదు,
ఏ భాషలోనూ వెంటనే తోచలేదు.

నలభై ఒకటి, అన్నాడు పైనుంచి గేడాం.