అరవై మాటలు

ఇరవై రెండేళ్లు ఇళ్లమ్మే ప్రకటనలు రాశాను.
ఇరుకు వంటగదిని ముచ్చటైనదన్నాను,
కిటికీ లేని గదిని ప్రశాంతం అన్నాను,
కారే పైకప్పుకు పాతకాలపు అందమని పేరు పెట్టాను.
వల్దీవియాలో కారని కప్పు ఎక్కడుంది గనక!
కొన్నవాళ్లు బకెట్లు పెట్టుకున్నారు.
నన్ను తిట్టుకున్నారేమో, నాకు వినపడలేదు.

ఇప్పుడు మంగళవారాలు
నది అవతల కుక్కల షెడ్డులో కూర్చుని
ఇల్లు లేనివాళ్ల గురించి రాస్తున్నాను.
ఒక ఫోటో, కింద అరవై మాటలు.
అంతకు మించితే కార్డులో పట్టవని
హెర్తా మొదటిరోజే చెప్పింది.

చేయి తిరిగిన పనే కదా.
మూడు సోఫాలు చీల్చినవాడు హుషారైనవాడు.
వారంగా మంచం కింద నుంచి రానిది బిడియస్తురాలు.
కాకిపిల్ల కాకికి ముద్దు, సరే,
ఆ కాకిపిల్లే ఇంకెవరికో ముద్దు రావాలంటే
కొంచెం రంగు పూయక తప్పుతుందా?
వెయ్యి అబద్ధాలాడి ఒక్క సంబంధం కుదిర్చినా
పుణ్యమే అనుకున్నాను,

తిసోన్ రెండోసారి తిరిగొచ్చేదాకా.

కొరకంచు అని ఆ పేరుకు అర్థం.
నల్లటి ఒళ్లు, మూతి చుట్టూ బూడిద,
పదకొండేళ్లు, ఎడమ కన్ను లేదు.
"పిల్లలంటే ప్రాణం" అని రాశాను.
ఎవరి పిల్లలు? నేను చూశానా?
ఒకరింట్లో నాలుగు రోజులు, ఇంకొకరింట్లో తొమ్మిది.
తిరిగి తెచ్చినాయన తాడు నా చేతిలో పెట్టి
కార్డు కూడా మడిచి ఇచ్చాడు,
చెడిపోయిన సరుకుతో పాటు రసీదు ఇచ్చినట్టు.
తిసోన్ తన పాత గదికి తనే నడిచి
గోడవైపు తిరిగి పడుకున్నాడు.
ఎవరూ దారి చూపలేదు.

ఆ రాత్రి కట్టెల పొయ్యి దగ్గర మళ్లీ రాశాను.
"ముసలివాడు. చీపురంటే భయం.
వానలో పిలిస్తే రాడు. ఇక్కడ ఎప్పుడూ వానే.
చేపల బజారులో సీలయన్లను చూసి మొరుగుతాడు,
అవి పట్టించుకోవు, అయినా మొరుగుతాడు.
తలుపు మూస్తే ఏడుస్తాడు.
చేయి చాపితే దగ్గరికి రాడు.
ఎప్పటికి వస్తాడో నాకు తెలీదు."
లెక్కపెట్టాను. సగం జాగా మిగిలింది. వదిలేశాను.
హెర్తా చదివి
"ఇది ప్రకటనా, ఫిర్యాదా?" అంది.

ఐదు వారాలు ఎవరూ రాలేదు.
ఉన్నమాట రాసి వాణ్ణి ముంచానేమోనని
పక్కమీద దొర్లాను.

ఆరో వారం ఎలియానా కత్రిలేయో వచ్చింది.
రబ్బరు బూట్లు, వేళ్లకు పొలుసులు.
బజారులో చేపలు కోస్తుంది,
సీలయన్లకు తలకాయలు విసిరేది తనే.
వాటిమీద మొరిగేవాడొకడు ఉన్నాడని విని
నవ్వొచ్చి వచ్చిందట.
గది ముందు తడి నేలమీదే చతికిలబడింది.
పిలవలేదు. చేయి చాపలేదు.
అరగంట తర్వాత లేచి నా దగ్గరికొచ్చి
"ఇక్కడ తప్పు రాశారు" అని వేలు పెట్టింది.
"చీపురంటే కాదు భయం.
కిందపడ్డ చీపురు దాటి వెళ్లాడు, ఇప్పుడే చూశాను.
పట్టుకున్న చేయంటే."
కలం అడిగి తీసుకుని
నా మాట కొట్టేసి, తన మాట రాసింది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.
నాలుగోనాడు తిసోన్ ఆమె వెంట నడిచాడు,
తోక ఊపలేదు, వెనక్కి చూడలేదు,
ఇద్దరి మధ్య తాడు వదులుగా వేలాడుతోంది.
"మరి తలుపు సంగతి?" అని కేకేశాను.
"మా తలుపు ఎన్నడూ సరిగ్గా పడదు,
కొన్నప్పటినుంచీ అంతే!"

ఆ ఇల్లు అమ్మింది నేనే అయ్యుంటాను.
గాలీ వెలుతురూ ధారాళం, అని రాసి.

కొట్టివేతతో సహా ఆ కార్డు నా సొరుగులో ఉంది.
ఈ మంగళవారం ఒక పసుపు పిల్లి
సరిగ్గా నా కాగితం మీదే కూర్చుంది.
పక్కకు జరపబోయాను.
కట్టు కట్టుకుని వచ్చి
మొదటి మాట రాశాను:
కరుస్తుంది.