గడి లేనివి

రిజిస్టర్‌ల మరాఠీల రాసిన:
ఘోర్పడ్, ఒకటి, ఆడది.
జాగ: సిరొంచకు పైన, ప్రాణహిత ఒడ్డు, టేకు ప్లాటు వెనక పుట్ట.
శేరా గడి వేలు వెడల్పు లేదు.
అందుల "నిరంక్" అని పెట్టిన.

మిగిలింది ఇక్కడ, మా ఇంటి మాటల్ల.

భాద్రపదం. ఉడుము పుట్టనెక్కి
ముందుగాల నాలుకతోని చదివింది.
కుడిపాయ ఒకటి చెప్పింది, ఎడమపాయ ఔనంది,
అప్పుడు గోరు దించింది.

పొద్దు వాలేదాక తవ్వింది.
మెడకింది తోలు కొలిమితిత్తి లెక్క ఊగుతున్నది.
నడుమ ఆగి నా దిక్కు మెడ తిప్పింది,
నన్ను చూసుడు కాదు, నా వాసన చూసుడు.
బీడీ ఆర్పేసిన.

గుడ్లు పెట్టి, మూతితోని మన్ను అదిమి,
పోతదనుకున్న. పోలే.
అవతల ఇంకో రెండు దొంగ గుంతలు తోడింది,
ఒట్టియి.
నక్క కోసం, ముంగిస కోసం,
మా నాయన కోసం.

మా నాయన దుర్గం బక్కన్న
తోక దొరికినా గుంజొద్దనేటోడు:
"బొక్కల ఒళ్ళు ఉబ్బిస్తది, రాయి అయితది."
ఒకసారి గుంజిండు.
ఎడమచేతి ఉంగరం వేలు సగం అక్కడనే ఉన్నది.
"ఉడుము పోతే పాయె, చెయ్యి దక్కె" అని నవ్వి,
తెల్లారి పలుగు పట్టుకొని మళ్ళ పోయిండు.

కడుపుల ఇరవై రెండు గుడ్లు.
అమ్మ ఉడకబెట్టింది. నేను మూడు తిన్న.
బాగున్నయి. దాచేదేముంది.

తోలు కంజీరకెక్కింది.
ఇప్పటికీ మా గోడకున్నది,
వానకాలం మెత్తబడ్తది,
పొయ్యి సెగ చూపితె గాని పలకదు.
నేను వాయించ.

చలి పోయింది. హోళీ పోయింది.
తునికాకు కల్లం కాడ జనం లేచిపోయిన్రు.
పుట్టల చెదలు తమ పని తాము చేసుకుంటున్నయి,
గుడ్లకు చెమట ఆరనీయకుంట.
నెలలు లెక్కపెట్టిన. దానికి జీతం లేదు.

మిరుగు తొలి వాన రాత్రి పడ్డది.
తెల్లారి పుట్ట పెళ్ళ ఊడి ఉన్నది,
జానెడు పిల్ల, ఒంటినిండ పసుపు చుక్కలు,
నడినెత్తిన ఒక పొలుసుమీద ఇంకో చుక్క.
అది వెలుతురు ఒక్కటే తెలిసే కన్నని
రేంజర్ సారు చెప్పిండు.

కదలకుంట నిలబడ్డ.
నాలుక తీసి నన్ను చదివింది.
ఏ గడిల ఏం రాసుకున్నదో,
గిర్రున తిరిగి టేకు మొద్దునెక్కింది,
చెయ్యి అందనంత పైకి.