ఉండరాదు

భూపాలపల్లి కలెక్టరాఫీసు గేటు ముందట
గొడుగు కింద నా కంప్యూటరు.
అర్జీకి నలభై.
ఇంగ్లీషులయితే అరవై.

ఓదెలు వచ్చిండు,
యూరియా సంచిల ఇంటిని మోసుకొని:
రెండు పెంకు ముక్కలు, ఒక గోడ పెచ్చు.
"ఓపెన్‌కాస్టుల బాంబులు పేలిస్తె
గూట్లె గిన్నెలు వాటంతటవే దిగొస్తున్నయి సారూ.
మా పిల్ల ఒక చేత్తోటి తింటది,
ఒక చెయ్యి పళ్లెం మీద మూత పెడ్తది.
ఇంగ్లీషుల కొట్టు. గట్టిగ తాకాలె."

మనిషి ఉండనీకి పనికిరాదు.
దీనికొక మాట కావాలె.
కరెక్టుకు ఇన్‌కరెక్టు,
జస్టిస్‌కు ఇన్‌జస్టిస్,
నా ఇంటర్ చదువు నాకు చెప్పినంత.
ఇన్‌హాబిటబుల్ అని కొట్టిన,
అక్షరాలు లావు చేసి, కింద గీత గూడ పెట్టిన.
గీతకు పైసలు తీసుకోలే.

నలభై మూడిండ్లు. సంతకాలు పదకొండు,
మిగిలినయి వేలిముద్రలు.

నాలుగు నెలలకు కాయిదం తిరిగొచ్చింది:
సదరు ఇండ్లు నివాసయోగ్యమేనని
దరఖాస్తుదారులే రాసి ఇచ్చినందున
ఫైలు మూసివేయడమైనది.

అప్పుడు తీసిన డిక్షనరీ.
హాబిటబుల్ అన్నా ఉండొచ్చునట,
ఇన్‌హాబిటబుల్ అన్నా ఉండొచ్చునట.
ఆ ఇన్, కాదనే ఇన్ కాదట,
లోపలికి రమ్మనే ఇన్ అట.
కాదనాల్నంటే దాని నెత్తి మీద
యూ, ఎన్, ఇంకో రెండక్షరాలు ఎక్కియ్యాల్నట.
మళ్ల మళ్ల చదివిన. డిక్షనరీ మారలే.

అరవై రూపాలు వాపసిద్దామని పోయిన.
ఓదెలు లేడు, కూలికి పోయిండు.
వాళ్లమ్మ కొమురవ్వ పీట వాల్చింది.
గోడల పగులు నా మోచెయ్యి పట్టేంత.
అందుల దువ్వెన, సగం కాలిన అగర్‌బత్తీలు,
మడిచి చెక్కిన కరెంటు బిల్లు.
నేను తప్పు చెప్పుకున్న.
ఆమెకు ఇంగ్లీషు సంగతి అందలే,
"రాసెటోనికి ఒక అక్షరం పోతది తియ్యి" అన్నది,
చాయ్‌ల శక్కెర కలుపుకుంట.

సైరన్ కూసింది.
లేసి చెప్పులకు కాలు చాపిన.
కొమురవ్వ నా చెయ్యి పట్టుకున్నది.
"ఉండరాదు బిడ్డా."

ఉండుమన్నదా,
ఇది ఉండే జాగ కాదన్నదా?
పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడుతున్న,
నాకు తెల్వలే.

చాయ్ గిలాస నేల మీద పెట్టిన.
ఎవ్వలు ముట్టకుండనే
అది వాకిలి దిక్కు ఇంచు జరిగింది.