రెండు పంటిగాట్లు

కూనబరాబ్రన్ కొండ మీద మూడో రాత్రి.
మొదటి రెండూ మబ్బు తినేసింది.
ఇవాళ గుమ్మటం తెరుచుకుంది,
జులై చలి మాకంటే ముందే లోపలికొచ్చి
కూర్చుంది.

దూరదర్శినిని నడిపేది మెర్విన్. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని.
దాన్ని ‘ముసలమ్మా’ అంటాడు,
తిరగనని మొరాయిస్తే బతిమాలతాడు.

మేం గురిపెట్టిన దీపంతో మాకేం పనిలేదు.
లోకం చివరెక్కడో మండుతున్న క్వేజార్ అది.
వాడుకుంటున్నామంతే,
పెళ్లివారి పెట్రోమాక్స్ వెలుగులో
దారినపోయే మనిషి
తన చెవిదుద్దు వెతుక్కున్నట్టు.

మాకు కావలసింది మధ్యదారిలో ఉంది.
ఒక గెలాక్సీ. దాని బొమ్మ ఇంతవరకూ ఎవరికీ పడలేదు.
దాని చుట్టూ ఉన్న వాయువు మాత్రం
పోతున్న వెలుగుని ఆపి
కొంచెం కొరికి వదిలింది.

నలభై నిమిషాలు. మళ్లీ నలభై.
తెర మీద గీత వణుకుతూ పాకుతోంది.
అదిగో,
పక్కపక్కనే రెండు గుంటలు!
జామకాయ మీద ముందుపళ్లు దించి
ఏ పిల్లో పారిపోయినట్టు.
మెగ్నీషియం.
కాళ్లు పట్టేస్తున్నాయని
రోజూ నేను మింగే బిళ్లలో ఉండేదీ అదే.

అక్కడి చుక్కలు వండుకున్నాయి దాన్ని,
పేలిపోతూ బయటికి విసిరాయి.
కొంత మళ్లీ లోపలికి రాలి
కొత్త చుక్కలవుతుంది.
ఎంత రాలుతుందో, ఎంత పోతుందో
పదకొండేళ్లుగా లెక్క తేలడం లేదు నాకు.
ఇంగువ లేదు,
కట్టిన గుడ్డ ఉంది.
దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని
వంటిల్లు ఎంతదో చెప్పాలి.

మెర్విన్ వంగి చూశాడు.
‘ఇంతేనా?’
‘ఇంతే.’
‘ఎంత దూరం?’
చెప్పాను. ఈల వేశాడు.
తర్వాత తన బిస్కెట్ పొట్లంలోంచి
విరగనిది ఏరి ఇచ్చాడు.

తెల్లవారుజామున కొండ దిగుతున్నాను.
మలుపులో ఎదురుగా గొర్రెల లారీ,
దాని దీపాలు కళ్లల్లో పొడుస్తుంటే
రోడ్డు మధ్య, నడుమెత్తున,
గుప్పెడు పొగ.
ఆగింది.
మళ్లీ పుట్టింది.

బ్రేకు మీద కాలు దానంతటదే పడింది.
లారీ కూడా ఆగింది, దీపాలు దించింది.
అప్పుడు కనపడింది కంగారూ,
ముందు చెవులు, తర్వాత మిగతాది,
ఏ తొందరా లేకుండా.

డ్రైవరు అద్దం దించి ఏదో అరిచాడు,
చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.
కారు అద్దానికి లోపలివైపు
నా ఊపిరి పొగమంచులా పట్టేసింది.
తుడవబోయి
కాసేపు ఉండనిచ్చాను.